కత్తీ కూనిరాగం

సెలూన్ బాబాయికి పౌడరు పడదు. మాత్ర వేసుకోకపోతే తుమ్ములు, వేసుకుంటే తూగు. చేతిలో కత్తి ఉన్నవాడికి రెండూ గండాలే. అందుకే మాత్రను సగానికి విరిచి మింగుతాడు, కళ్ళ మీద చన్నీళ్ళు చల్లుకుంటాడు, గడ్డం గీస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తాడు. రాగం తెగిందంటే కునుకు పట్టినట్టేనని, మూల కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టే అతని భార్యకు తెలుసు. ఆ పొద్దున లాయరుగారి గొంతు మీద కత్తి ఉండగా రాగం ఆగిపోయింది. అరిస్తే ఉలిక్కిపడతాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, పిల్లిలా వచ్చి, మొగుడి మణికట్టు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. బాబాయి కళ్ళు తెరిచాడు. లాయరుగారు మాత్రం మూసిన కళ్ళు తెరవకుండానే విసుక్కున్నారు.

"పాట ఆపేశావేమయ్యా? హాయిగా నిద్రపడుతోంటే!"

"పాడతాడు బాబూ," అంది ఆవిడ, మణికట్టు వదలకుండా. "మీరు నిద్రపోండి. ఈయన్ని నిద్రపోనివ్వకుండా నేనున్నాగా."