ఒక్క పచ్చిమిరపకాయ

ఆవిడ మొగుడు దర్జీ. కుట్టుమిషను ఆగితే చాలు, అతని చేతిలోకి కెమెరా వస్తుంది. ఎండ పడ్డ గోడ, తీగ మీద ఒంటరి క్లిప్పు, గచ్చు మీద ఒక్క బొత్తం. అంతకు మించి ఫొటోలో ఇంకేదీ ఉండకూడదు. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, ఎడమచేత్తో పెళ్ళాన్ని ఈగను తోలినట్టు పక్కకు తోలేస్తాడు. ఆ చెయ్యి చూస్తేనే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. ఆ పొద్దున తడిమెట్ల మీద బకెట్‌తో సహా జారిపడి, "అమ్మో, నా నడుం!" అని ఆవిడ మూలుగుతుంటే అతను పరుగున వచ్చాడు. మెట్టు మీద బోర్లాపడ్డ ఎర్ర బకెట్‌ను చూసి ఆగిపోయాడు. "కాలు కాస్త లాక్కోవే. ఎంత బాగుందో!" అన్నాడు.

ఆవిడ పళ్ళు నూరుకుంటూ తనంతట తనే లేచింది. మధ్యాహ్నం అతను భోజనానికి కూర్చుంటే, పెద్ద తెల్ల పళ్ళెంలో ఒకే ఒక్క పచ్చిమిరపకాయ పెట్టి ముందుకు తోసింది. "తినండి. ఖాళీలోనే కదా మీకు అందం కనిపించేది!" అతను పళ్ళెం వంక చాలాసేపు చూశాడు. సిగ్గుపడ్డాడేమో అనుకుంది. అతను లేచి వెళ్ళి కెమెరా తెచ్చాడు. "అబ్బ! కదపకు, కదపకు" అంటూ కన్ను మూశాడు. అతను మీట నొక్కేలోగా ఆవిడ ఆ మిరపకాయ తీసుకుని కరకరా నమిలేసింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నా, అతని మీంచి చూపు తిప్పలేదు.