ఏకగ్రీవంగా దించిన తీగ

ఆయన నోరు మూయించింది మీరే. అశోక్‌నగర్‌లోని మా అపార్టుమెంటు సంఘానికి చెబుతున్నాను. ఇలాంటి సంఘాల్లో కూర్చుని, ఎదుటి మనిషి జవాబు వినకుండానే చేతులెత్తే పాఠకులందరికీ చెబుతున్నాను. మొన్న సోమవారం పొద్దున మా ఎదురింటి అనౌన్సర్ గారు పోయారు. సంఘం వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతులు వరసగా వచ్చాయి. వాటి కిందే లిఫ్టు మరమ్మతు కబురు. నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా సరిగ్గా రావడం లేదు. పన్ను పీకించుకున్నాక దవడ మొద్దుబారినట్టుంది.

రేడియోలో ముప్పై ఏళ్లు ఆయన గొంతు విన్నాం. ఆ ఉద్యోగానికి ముందే ఆయన హామ్ రేడియో లైసెన్సు తీసుకున్నారు. అంటే సర్కారు అనుమతితో, ఇంట్లోని సెట్టు నుంచి, అలాంటి సెట్టే ఉన్న మరో ఊరి మనిషితో ముచ్చట పెట్టుకోవడం. కోఠిలో బేరమాడి తెచ్చిన రాగి తీగను మిద్దె మీద రెండు కర్రలకు కట్టారు. అదే యాంటెన్నా.

"ఫోన్ ఉండంగ గిదంత ఎందుకు సార్?" అన్నాను ఒకసారి, నారాయణగూడలో చాయ్ తాగుతూ.

"స్టేషన్‌ల ముప్పై ఏండ్లు నేనే మాట్లాడిన తమ్మీ. ఒక్కడన్న మారు మాట్లాడలె. గీ పెట్టెల జవాబొస్తది."

"ఏం జవాబు?"

"మొన్న భోపాల్ దిక్కు ఒకాయన, ఇంట్ల కూర మాడిందని చెప్పిండు. నీ వ్యాసాలకంటె నయం."

ఆయనకొక పద్ధతి ఉండేది. అవతలి మనిషి మాట ముగించగానే, తాను మాట్లాడటానికి మీట నొక్కేవారు కాదు. మూడు లెక్కపెట్టేంతసేపు ఆగేవారు. హామ్ వాళ్ల మర్యాద అది. ఆ సందులో, ఆపదలో ఉన్నవాళ్లెవరైనా జొరబడి సాయం అడగవచ్చు. అది ఆయనకు ఒంటబట్టేసింది. చిక్కడపల్లిలో కూరగాయల బండి దగ్గరా అంతే. "కిలోనా, అరకిలోనా పెద్దాయనా?" అని అడిగితే, ఆయన జవాబు చెప్పేలోపు కిలో తూచేసేవాళ్లు. ఇక నేనైతే ఏ వాదంలోనూ ఆ సందు మిగలనిచ్చేవాణ్ణి కాదు.

"జర సందియ్యి తమ్మీ. మనకంటె పరేషాన్‌ల ఉన్నోడు మధ్యల రావొద్దా?"

మూడు నెలల కిందట పార్కింగులో సంఘం సమావేశం. ఆ తీగ వల్లే తమ ఇంట్లో అందరికీ తలనొప్పులని ఒకరు లేచారు. ప్రెసిడెంటు అడిగాడు: "తీగ తీసేద్దామా సార్? మీకేమన్న అభ్యంతరమా?"

ఆయన లేచి నిలబడ్డారు. అలవాటు చొప్పున ఆగారు.

"సార్ ఒప్పుకున్నరు. ఖతం. తర్వాత ఏంది?" అనేశాడు ప్రెసిడెంటు.

మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాశారు. ఆయన నోరు తెరిచేసరికి నీళ్ల ట్యాంకరు మీద కేకలు మొదలయ్యాయి. ఆ కేకల్లో పెద్ద గొంతు నాదే. నోరులేనివాళ్ల కోసం పేజీలు నింపే నేను, ఆయన ఇంకా నిలబడే ఉండటం చూశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. కాబట్టి నా మొదటి వాక్యంలో నేనూ ఉన్నాను.

మర్నాడు తీగ దించారు. ఆయన రెండుసార్లు ఉత్తరం రాసి ఇచ్చారు. "ఏకగ్రీవం సార్, నా చేతుల ఏముంది?" అన్నాడు ప్రెసిడెంటు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను మేం టీచరమ్మ అంటాం. ఆయన దగ్గరే నేర్చుకుని, పరీక్ష రాసి, ఆమె కూడా లైసెన్సు తెచ్చుకున్నారు.

"తలనొప్పులన్నరు గద? అప్పటికి సెట్టు రిపేరుకిచ్చి నెల దాటింది. గా నొప్పి ఎవరి పుణ్యమో!" అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు. బాగై వచ్చిన సెట్టు మీద తువ్వాలు కప్పి ఉంది.

"రోజు ముచ్చట పెట్టెటోళ్లకు ఆయన పోయిన సంగతి తెల్వదు," అన్నారు మళ్లీ. "పేర్లు తెలుసు, ఊర్లు తెలుసు. ఒక్కరి ఫోన్ నంబరు లేదు. గీ సెట్టుల తప్ప ఎట్ల చెప్పాలె?"

సంఘం చేయాల్సినవి ఇవి:

మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవం' కొట్టేయాలి.

వాచ్‌మన్ గదిలో పడేసిన తీగను బయటికి తీయాలి.

శనివారం లోపు దాన్ని మిద్దె మీద కట్టాలి. నిచ్చెన నేను తెస్తాను.

మిద్దె తాళంచెవి ఒకటి టీచరమ్మకు ఇవ్వాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆమె ఆ సెట్టులో ఆయన నేస్తాలకు కబురు చెబుతారు. ఆ గంటసేపు ఎవరూ నీళ్ల మోటారు వేయకూడదు. దాని గరగర సెట్టులోకి వస్తుంది.