అడక్కుండా పట్టుకెళ్ళే చుట్టరికం

వసీతి కొట్టు మూతపడింది బేరాల్లేక కాదు, చుట్టాలు ఎక్కువై. తవేయూని దీవిలో చుట్టం నోరు తెరిచి "ఇవ్వవే" అన్నాక లేదనడం మనిషి చేసే పని కాదు. పంచదార బస్తాలు, చేపల డబ్బాలు, ఆఖరికి తక్కెడ కూడా అలాగే పోయాయి.

అందుకే కొబ్బరినూనె గానుగ పెట్టినప్పుడు పక్క దీవి సెవనాయాతో పొత్తు కలిసింది. అతనిదీ చిన్న గానుగే. సువా పట్నంలో హోటలుకి నెలకి ఇరవై డబ్బాలు కావాలి, ఒక్కొక్కరి వల్ల పదే అవుతాయి. అది లోకానికి చెప్పిన కారణం. "నాదొక్కదానిదే కాదు, వాటాదారు ఒప్పుకోవాలి" అనొచ్చు, అదీ అసలు సంగతి. అబ్బ, ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు మొహం వాచిపోయిందో!

అయితే సెవనాయా దీవికీ వసీతి ఊరికీ వంశం మొదలెట్టిన మూలదేవుడు ఒక్కడే. అలాంటి ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా నవ్వాలి. ఒకరి సొమ్ము ఒకరు ఎత్తుకుపోయినా నవ్వాలి. ఆ రెండోది ఎప్పుడో పెళ్ళిళ్ళకే కదా అని వసీతి తీసిపారేసింది.

కిందటి నెల సరుకు తప్పింది. ఇంకోసారి తప్పితే బేరం లేదని హోటలువాళ్ళు తెగేసి చెప్పారు. గురువారం పడవకి సెవనాయా పదీ తెప్పించుకుని ఇరవై డబ్బాలూ తన దగ్గరే సిద్ధం చేసింది. బుధవారం ఊళ్ళో పెళ్ళి వచ్చిపడింది.

కానుకలకి నూనె కావాలని మేనమామ పెని నలుగుర్ని వెంటేసుకొచ్చాడు.

"వాటాదారు ఒప్పుకోవాలి మామా."

"ఎవడే, ఆ పీతమొహం సెవనాయానా? వాణ్ణి అడిగేదేమిటి! నీవి ముట్టుకోంలే. వాడి పదే పట్టుకెళ్తాం."

ఇదివరకు అడిగైనా తీసుకెళ్ళేవారు. పెనం మీంచి పొయ్యిలో పడింది.

మధ్యాహ్నం సెవనాయా ఊరి ముసలమ్మ పెళ్ళికి దిగింది. "ఏమే తిమింగిలమా, మావాడివి తాకం. నీవి ఇలా తే!" మిగతా పదీ పోయాయి.

గురువారం పడవ వెళ్ళిపోయింది. శుక్రవారం హోటలువాళ్ళు వేరేవాళ్ళని చూసుకున్నామని ఫోన్ చేశారు. సెవనాయా తల దించుకుని వచ్చాడు.

"కాస్త నవ్వక్కా, అందరూ చూస్తున్నారు."

వసీతి నవ్వింది.

"ఎవరైనా పరాయివాళ్ళని కలుపుకుని మళ్ళీ మొదలెడదాం" అన్నాడు సెవనాయా.

"పరాయివాళ్ళా? ఈ దీవుల్లో నాకు ఒక్కణ్ణి చూపించరా, వాడి కాళ్ళు పట్టుకుంటా."