వదిన పుట్టినరోజు, మా గృహప్రవేశం

మా వదిన పోయింది. పోయిన నెల ఒక గురువారం పొద్దున, ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆసుపత్రి ల్యాబ్‌లో, మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఎమర్జెన్సీ కింది అంతస్తులోనే ఉంది. అక్కడికి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. ఆవిడ మా ఆయనకు అక్క, నాకు ఆడపడుచు. నలభై ఎనిమిదేళ్లు.

మన డెట్రాయిట్ తెలుగు సంఘానికి ఈ పత్రిక నడిపే మిత్రులు ఫోన్ చేసి, "ఆవిడ గురించి రెండు మంచి మాటలు రాసివ్వండమ్మా" అన్నారు. సరేనన్నాను. కాని కాగితం ముందు కూర్చుంటే కోపం తప్ప ఇంకేమీ రావడం లేదు. అది దాచిపెట్టి రాస్తే అబద్ధం రాసినట్టే. వదినకు అబద్ధాలంటే చిరాకు. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

పదకొండో రోజున స్కూలు కెఫెటీరియాలో సంతాప సభ పెట్టాం. మీలో చాలామంది వచ్చారు. మన సంఘంలో పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని, పిల్లలు లేకపోయినా అందరినీ పిల్లల్లా చూసుకున్న తల్లి అన్నారు. తర్వాత ఇంకో మాటన్నారు. "ఏటా వెళ్లే పుట్టినరోజు ప్రయాణాన్ని కూడా తమ్ముడి గృహప్రవేశం కోసం వదులుకున్న త్యాగమూర్తి." జనం తలలూపారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ముందు వరుసలో వదిన భర్త, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు.

నేను లేచాను. ఏం చెప్పానో తర్వాత రాస్తాను. ముందు ఆ ప్రయాణాలేమిటో మీకు తెలియాలి. వాటి గురించి మన ఇళ్లలో నవ్వుకోవడమే కాని, ఎవరమూ అడిగి తెలుసుకోలేదు.

వదినది ఒంగోలు, అన్నయ్యది కరీంనగర్. ఇద్దరూ డెట్రాయిట్ వచ్చాకే కలుసుకున్నారు, ఇక్కడే పెళ్లి చేసుకున్నారు. అన్నయ్య కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. వచ్చిన మొదటి చలికాలంలో ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ వదినను, గడ్డకట్టిన మంచు మీద ఆడే ఐస్ హాకీ ఆటకు తీసుకెళ్లిందట. అంతే, ఆ ఆట పట్టుకుంది. డెట్రాయిట్ జట్టు ఆ రోజుల్లో ఓడిపోవడానికే పుట్టినట్టుండేది. వదిన ఒక్క ఆట వదిలేది కాదు. టీవీలో చూస్తూ గోలు కాసేవాణ్ని ఒంగోలు భాషలో తిట్టేది. "కాళ్లు దగ్గరపెట్టరా సన్నాసీ! దొడ్డి తలుపు తెరిచినట్టు తెరిచావేందిరా!"

పెళ్లయిన ఏడు పుట్టినరోజుకేం కావాలని అన్నయ్య అడిగితే, మన జట్టు బయట ఊళ్లో ఆడే ఆట చూపించమందట. అన్నయ్యకు ఆట మీద పెద్ద ఆసక్తి లేదు. ఆయన పిచ్చి వేరు. థీమ్ పార్కుల్లో గిర్రున తిరిగేవీ, కొండెక్కి దూకేవీ ఎక్కాలి. ఎక్కి దిగాక కంచె పక్కన నిలబడి కింద చక్రాలెలా పట్టుకుంటున్నాయో చూడాలి. అప్పుడే ఒప్పందం కుదిరింది: ఆట వదినది, పార్కు అన్నయ్యది. పుట్టినరోజు ఫిబ్రవరిలో. అప్పుడు మన దగ్గర పార్కులన్నీ మంచు కింద ఉంటాయి. అందుకని ఏటా దక్షిణానికి కారులో వెళ్లేవారు. అట్లాంటాలో ఆట చూసి, అదే రోడ్డు పట్టుకుని ఫ్లోరిడాలో పార్కుకు. తర్వాత అట్లాంటా జట్టు వేరే ఊరికి తరలిపోతే, లాస్ ఏంజిలిస్‌కు విమానంలో వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ రెండూ ఒక్కచోటే దొరుకుతాయి.

"బయట ఊళ్లోనే ఎందుకు వదినా? మన ఊళ్లో ఆడితే చూస్తారుగా" అని ఒకసారి అడిగాను.

"మన ఊళ్లో చప్పట్లు ఊరికే వస్తాయమ్మాయ్. బయట ఊళ్లో మన జట్టు గోలేస్తే హాలంతా గమ్మునుంటది. ఆ గమ్మునుండటం వినాలి."

మనవాళ్ల ఇళ్లలో దీన్ని ఎలా చెప్పుకునేవారో నాకు తెలుసు. నేనూ చెప్పుకున్నాను. "పిల్లల్లేరు కదా, వాళ్లే పిల్లలయ్యారు." "పార్కులో డాన్సు చేసే ఎలక వేషాల దగ్గరికి నలభై ఏళ్లొచ్చాక వెళ్లడమేమిటి?" తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో పళ్లాలు పట్టుకుని ఈ మాటలనుకుంటుంటే వదిన పక్కగదిలో మన పిల్లలకు అన్నం కలిపి పెడుతుండేది. వినబడేది కాదా? గోడలు ఎంత మందం ఉంటాయి మన ఇళ్లల్లో?

ఒక్కసారి నేనూ వెళ్లాను. ఇరాన్‌లో అమెరికావాళ్లను బందీలుగా పట్టుకున్న చలికాలం అది. నేను ఈ దేశం వచ్చి ఆర్నెల్లు. మా ఆయన ఆఫీసు పనిమీద వేరే ఊరు వెళ్తే, ఒంటరిగా ఎందుకని నన్నూ కారెక్కించుకున్నారు. వదినకు నలభై నిండే పుట్టినరోజు.

అట్లాంటాలో హాల్లో కూర్చున్నాం. నేను చీర మీద కోటు వేసుకున్నాను. ఆట మొదలైన పావుగంటకు వెనక వరుస నుంచి ఒకాయన, చేతిలో బీరు, "మీ ఇరాన్‌కి పొండి" అని అరిచాడు. పక్కవాళ్లు నవ్వారు. నా జుట్టు మీద పాప్‌కార్న్ పడింది. ఇంకోసారి పడింది. నేను అన్నయ్య చెయ్యి పట్టుకుని, "వెళ్లిపోదాం" అన్నాను. ఆయన లేవబోయారు.

వదిన అప్పటికే లేచింది. మెట్లెక్కి ఆ మనిషి ముందుకెళ్లి, ఆటకు వీపు పెట్టి, ఆయన మొహానికి ఎదురుగా నిలబడింది. ఐదడుగులు కూడా లేదు వదిన. వెనకవాళ్లు "కూర్చో, కూర్చో" అని కేకలు మొదలుపెట్టారు.

"ఆయన ఆ పిల్లకు సారీ చెబితే కూర్చుంటాను" అంది ఇంగ్లీషులో, నింపాదిగా. "నేను డెట్రాయిట్ నుంచి వచ్చాను. మా జట్టు ఆడటం పన్నెండేళ్లుగా చూస్తున్నాను. నాకు ఓపిక ఎక్కువ."

ఎవరో పకపకా నవ్వారు. ఆ మనిషి కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. వదిన కదల్లేదు. మంచు మీద ఏదో జరిగి హాలంతా హోరెత్తింది. అయినా వెనక్కి తిరిగి చూడలేదు. చివరికి ఆయన నా వైపు చూడకుండానే సారీ అని గొణిగాడు.

వచ్చి కూర్చుని నా జుట్టు దులిపింది. "ఆట చూడు" అంది.  నేను చూస్తున్నానని తెలిసి తన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆఖరి దాకా ఉన్నాం. మన జట్టు ఓడిపోయింది.

మర్నాడు ఫ్లోరిడా పార్కులో ఏమీ జరగనట్టే తిరిగింది. అన్నయ్య బలవంతాన ఒక పెద్ద రైడ్ ఎక్కి, దిగాక మొహం పాలిపోయి, "మీ బ్రేకులు పాడుగాను" అని ఆయన భుజం మీద గుద్దింది. ఆయన పేపర్ నాప్‌కిన్ మీద ఆ రైడ్ ఎలా ఆగుతుందో బొమ్మ గీసి చూపిస్తున్నారు. వదిన ఐస్‌క్రీమ్ తింటూ శ్రద్ధగా వింటోంది. వాళ్లిద్దరినీ చూసి, నాకీ దేశంలో మొదటిసారి, ఇక్కడ బతకొచ్చు అనిపించింది.

నా కోసం బయట ఊళ్లో నిలబడిన మనిషి ఆవిడ. అందుకే ఇక రాయబోయేది రాస్తుంటే నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో, డెట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో మా కొత్త ఇంట్లో చేరాం. పంతులుగారు మాఘమాసంలో రెండు ముహూర్తాలు చెప్పారు. మొదటిది వదిన లాస్ ఏంజిలిస్‌లో ఉండే ఆదివారం. రెండోది పది రోజుల తర్వాత, బుధవారం. మా ఆయన ఆదివారం ఖాయం చేశారు. బుధవారమైతే ఎవరొస్తారన్నారు. నేను సరేనన్నాను.

వదినే ఫోన్ చేసింది. "ఒరే, రెండో ముహూర్తానికి పెట్టుకోకూడదట్రా? టికెట్లు కొనేశాం, హోటల్ కూడా..."

"అక్కా, నీ ఆట కోసం ముహూర్తం మార్చమంటావా? నలుగురూ నవ్వుతారు. ఆడపడుచు లేకుండా పాలెవరు పొంగిస్తారు?"

నేను పక్క గదిలో ఎక్స్‌టెన్షన్ ఫోను ఎత్తి వింటున్నాను.  "సర్లే, వస్తాం" అంది వదిన.

నేను ఆ క్షణంలో నోరు విప్పి ఉండొచ్చు. బుధవారం పెట్టుకుందామండీ అంటే మా ఆయన కొంచెం విసుక్కుని ఒప్పుకునేవారే. పాతిక మంది తక్కువొచ్చేవాళ్లు. అంతే. నేను రిసీవర్ మెల్లగా పెట్టేశాను. వదిన వచ్చింది, పాలు పొంగించింది, ఎనభై మందికి పులిహోర కలిపింది. మీరంతా తిన్నారు. వచ్చే ఏడాది వెళ్తార్లే అనుకున్నాం. వచ్చే ఏడాది ఇక లేదు.

అదీ సంగతి. సభలో లేచి నేనన్నది ఇది: "ఆవిడ త్యాగమేమీ చెయ్యలేదు. రోజు మార్చమని అడిగింది. మేం వినలేదు. లాక్కున్నాం. లాక్కున్నదానికి త్యాగమని పేరు పెట్టి ఇప్పుడు దండ వెయ్యకండి. ఆవిడకు హాకీ అంటే ప్రాణం. ఆ మాట ఇంత సేపట్లో ఒక్కరు కూడా అనలేదు."

మా ఆయన నా కొంగు పట్టుకుని లాగారు. నేను కూర్చోలేదు. పెద్దాయన గొంతు సవరించుకుని తర్వాతి వారిని పిలిచారు.

కారులో మా ఆయన, "మా అక్క సభలో మా పరువు తీశావు" అన్నారు.

"మీ అక్క బతికుండగా అడిగింది పది రోజులండీ. మనం పది రోజులు ఆగలేకపోయాం."

 ఇప్పటికీ ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆ ఫోన్ ఆయనకూ గుర్తుంది, నాకు తెలుసు.

మరుసటి ఆదివారం అన్నయ్య మా గిన్నెలు తిరిగివ్వడానికి వచ్చారు. వంటింట్లో నిలబడే టీ తాగారు. సభలో అలా అన్నందుకు నన్ను క్షమించమన్నాను.

"ఎందుకు చెల్లె? నువ్వన్నదే నిజం," అన్నారు. "త్యాగమట! నాతోని వారం రోజులు మాట్లాడలే ఆమె. నువ్వన్నా గట్టిగ చెప్పొద్దా నీ బామ్మర్దికి, అని నా మీద లేసింది. మీ ముందట నవ్వింది గని, ఇంట్ల సూట్‌కేసును తన్నింది. బొటనవేలు వాచింది."

ఇద్దరం నవ్వాం.  నవ్వు మధ్యలో ఆయన కప్పు సింక్‌లో పెట్టి, కుళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడిగారు.

"ఫిబ్రవరిలో వెళ్తారా అన్నయ్యా?"

"పోత. రైడ్లయితే ఒక్కన్నే ఎక్కుత. ఆట నాకు సమజ్ కాదు. పక్కన ఎవరన్న ఉండాలె."

నేను వస్తానన్నాను. మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. విన్నారు. పేజీ తిప్పారు.

సభలో నేను చెప్పనిది ఒకటి మిగిలింది. అది ఇక్కడ రాయకపోతే ఈ కోపమంతా ఊరివాళ్ల మీదా, మా ఆయన మీదా నెట్టేసి నేను తప్పుకున్నట్టవుతుంది.

గృహప్రవేశం రోజు సాయంత్రం, ఐదున్నర దాటాక, జనం బయల్దేరుతున్నారు. తాంబూలాలివ్వడానికి వదిన కనపడలేదు. ఇల్లంతా వెతికాను. కిటికీలోంచి చూస్తే, వీధి చివర వాళ్ల కారు ఇంజన్ నడుస్తోంది, వెనకనుంచి పొగ వస్తోంది. మంచులో నడుచుకుంటూ వెళ్లాను. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. తట్టాను. లోపల్నుంచి అరచేత్తో గుండ్రంగా తుడిచి వదిన చూసింది. పట్టుచీర మీద కోటు. కారు రేడియోలో ఆట వస్తోంది. లాస్ ఏంజిలిస్‌లో మధ్యాహ్నం, తను ఉండాల్సిన హాలు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది.

నేను తలుపు తీశాను.

"వదినా, అందరూ వెళ్లిపోతున్నారు. బొట్టు మీరే పెట్టాలి."

"మూడు నిమిషాలుందమ్మాయ్. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి."

సరే వినండి అని తలుపు వేసి రావాల్సింది. లేదా అవతలి పక్కనుంచి ఎక్కి పక్కన కూర్చోవాల్సింది. నేను తలుపు అలా తెరిచి పట్టుకునే నిలబడ్డాను. చలిగాలి లోపలికి కొడుతోంది. వదిన నన్నొకసారి చూసింది. పసుపు అంటిన చెయ్యి చాపి రేడియో కట్టేసింది. కామెంటేటర్ ఎవరి పేరో సగం పలికి ఆగిపోయాడు. వదిన కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పుల కాళ్లు మంచులో పెట్టి, నాకంటే ముందు మా ఇంటివైపు నడిచింది.