సత్తు కుర్చీకి నవారు

నందిగామలో మా ఆయన పనిచేసే ఆఫీసు నుంచి బదిలీ అయిన ఇంజనీరుగారు ఒక మడత కుర్చీని వదిలేసి వెళ్లారు. గొట్టాలన్నీ సత్తువి. కూర్చునేచోట ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి, తెగి వేలాడుతున్నాయి. మా ఆయన దాన్ని బస్సు మీద వేయించి జగ్గయ్యపేట తెచ్చారు. అరవైల మొదట్లో అలాంటిది మా వీధిలో ఎవరూ చూడలేదు. నేను చిటికెన వేలితో ఎత్తితే లేచింది. లోపల ఏముందోనని గొట్టంలోకి ఊది కూడా చూశాను.

"సత్తు గిన్నె కింద పడితేనే సొట్ట పడుద్ది. ఇది నన్ను మోసుద్దా?" అన్నారు మా అత్తగారు. అన్నారే గానీ దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి. అది ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. వీధి చివర ఉండే వాళ్ల అక్కగారింట్లో కుర్చీ లేదని అక్కడికి వెళ్లడమే మానేశారు. మా చెక్క కుర్చీ మోయలేరు. ఇదైతే చంకన పెట్టుకుని వెళ్లొచ్చు.

పాత మంచం నవారు విప్పి ఉతికాం. ఆవిడ చెబుతుంటే నేను అల్లాను. మంచానికి బిగించినట్టే కాలు తన్నిపెట్టి లాగమన్నారు, లాగాను. గొట్టాలు లోపలికి వంగి, కుర్చీ మడతపడటం మానేసింది. కోపం రావలసింది పోయి నాకు సరదా పుట్టింది. గొట్టాలు మెల్లగా సరిచేసి, ఎంత లాగితే వంగుతాయో చూసుకుంటూ, వరసవరసకీ మడిచి తెరుస్తూ మళ్లీ అల్లాను.

అత్తగారు కూర్చున్నారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచారు. చీర మార్చుకొచ్చి, కుర్చీ చంకన పెట్టుకుని బయలుదేరారు. నాకు భలే సంతోషమేసింది.

పొద్దుగూకినా రాకపోతే వెళ్లి చూశాను. కుర్చీలో వాళ్ల అక్కగారు దర్జాగా కూర్చుని ఉన్నారు. మా అత్తగారు నేల మీద ఉన్నారు.

"అదేంటత్తయ్యా?"

"అక్క కింద కూచుంటే నేను కుర్చీలో ఎట్టా కూచునేదే?"

రెండుసార్లు అల్లాం, ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఏమంటారోనని నిలబడ్డాను. ఆవిడే చెయ్యి చాపారు.

"పట్టుకో. రేపూ వస్తా, ఇదే వేళకొచ్చి లేపు."