డాక్టర్ గారికి పెట్టిన దండం

పోయిన వారం, నా గుండెను బాగుచేసిన డాక్టర్ గారి తెల్లకోటు మీద నేనే రక్తం చిమ్మించాను. కోపంతో కాదండీ, కృతజ్ఞతతో! ఎట్లాగో వినండి.

రెజిమెంటల్ బజార్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. "గిరాకీ మెట్టెక్కంగనే నోటికంటే ముందు చేతులు కలవాలె" అని నాన్న నేర్పాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఫోన్లో మాట్లాడే వాళ్లకు కూడా దండం పెడతాను. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మరీ!

ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. టెస్టులు చేస్తే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందని తేలింది. సగం కాదు, ముప్పావు కాదు, పూర్తిగా! ఎప్పట్నుంచో అట్లాగే ఉందట. చుట్టూ ఉన్న సన్నని నాళాలే ఆ పని పంచుకుని నన్ను ఇంతకాలం నడిపించాయట. లోపల అవి ఓవర్‌టైమ్ చేస్తుంటే, నేను గల్లా దగ్గర కూర్చుని మిర్చిబజ్జీలు తిన్నాను.

"ఛాతీ కోస్తరా సార్?" అని అడిగింది నా భార్య సరళ.

"అక్కర్లేదమ్మా. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని తీగ పంపి, దారి చేస్తాం. కానీ అది గట్టిపడిపోయింది. తీగ దాటకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం" అన్నారు డాక్టర్ గారు.

ఆ చివరి మాట సరళతో పాటు మా ఇంటికొచ్చింది. తాలింపు మాడుతున్నా ఆమెకు తెలియడం లేదు.

తీగ పంపే రోజు ఆస్పత్రిలో బల్ల మీద పడుకోగానే డాక్టర్ గారు లోపలికి వచ్చారు. నేను దండం పెట్టబోయాను. "చెయ్యి! చెయ్యి!" అని అందరూ ఒక్కసారే అరిచి, తీగ పంపాల్సిన నా కుడిచేతిని పట్టీతో కట్టేశారు.

చెయ్యి దగ్గర మాత్రమే మత్తు, నేను మెలకువగానే ఉన్నాను. "మెల్లగా... ఇంకో తీగ ఇవ్వు... లేదు, వెనక్కి తియ్యి." టైం గడుస్తున్నకొద్దీ డాక్టర్ గారి మాటలు తగ్గిపోయాయి. నాకు భయమేసింది. బయట కుర్చీలో సరళ ఒక్కతే కూర్చుని ఉంటుంది కదా, టీ అయినా తాగిందో లేదో అనుకున్నాను. అంతలో డాక్టర్ గారి గొంతు, "దాటింది!"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దండం పెడదామంటే చెయ్యి కట్టేసి ఉంది. ఆ దండం లోపలే ఉండిపోయింది.

తర్వాత నర్సమ్మ నా మణికట్టుకు గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీ వేసింది. "అంకుల్, ఇది రంధ్రాన్ని నొక్కి పట్టుకుంటది. మణికట్టు అస్సలు వంచొద్దు."

"ఎందుకు వంచుతనమ్మా? నేనేమన్న చిన్నపిలగాన్నా?" అన్నాను దర్జాగా.

సాయంత్రం డాక్టర్ గారు చూడ్డానికి వచ్చారు. మనిషి బాగా అలసిపోయి ఉన్నారు, అయినా నవ్వుతున్నారు. "ఎలా ఉన్నారండీ?" అని వంగారు.

అంతే! పొద్దుట్నుంచి ఆగిన దండం లేచింది. మామూలుది కాదు, అరచేతులు గట్టిగా అదిమి, నుదుటి దాకా ఎత్తిన దండం. మణికట్టు వంగింది, పట్టీ జారింది, ఎర్రగా చిమ్మి డాక్టర్ గారి కోటు మీద పడింది!

ఆయన కంగారు పడకుండా తన బొటనవేలితోనే గట్టిగా నొక్కి పట్టారు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. మంచం పక్కనే ఉన్న సరళ మాత్రం ఏడుస్తూనే అందుకుంది: "జెరసేపు ఆగితే ఏమైతుండె మీకు? గింత తక్లీఫ్ పడి సార్ బతికిస్తే, ఆయన మీదనే పోస్తరా!"

"నొప్పిగా ఉందా?" అని అడిగారు డాక్టర్ గారు.

"సిగ్గుగా ఉంది సార్" అన్నాను.

ఏడుస్తున్న సరళ కూడా నవ్వేసింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! నెత్తురు ఆగేదాకా కుడిచెయ్యి ఆయన పట్టుకుంటే, ఎడమచెయ్యి మళ్లీ లేవకుండా ఆమె పట్టుకుంది. బతికి ఉండడం ఎంత బాగుందో అనిపించింది.

నిన్న చెకప్‌కు వెళ్లాను. సరళ ఆర్డర్ ప్రకారం రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోనే పెట్టుకుని తలుపు తోశాను. నన్ను చూడగానే డాక్టర్ గారు గబుక్కున లేచి, కుర్చీ వెనక్కి వెళ్లి, రెండు చేతులూ జోడించారు. "నమస్కారమండీ! మీరు అక్కడే ఉండండి!"

ఇన్నేళ్ల నా దుకాణం జీవితంలో నాకంటే ముందు దండం పెట్టిన మొదటి మనిషి ఆయనే. అదీ నా మీద గౌరవంతో కాదు, కొత్త కోటు ఏమవుతుందోనన్న భయంతో!