ఊ కొట్టవద్దన్న పంతులు

నాకు పాఠం రాదని శాలిబండలో ఒక పేరుంది. ఆ పేరు పెట్టినవాళ్లలో సగం మందికి తెలుగు కూడబలుక్కుని చదవడం కూడా రాదు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతూనే ఉంది. చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. అది చల్లారేది కాదని తేలిపోయింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల చివర్లోని మాట ఇది. సర్కారీ బళ్లలో చదువంతా ఉర్దూలోనే. మా పిల్లలు పొద్దంతా అక్కడ వల్లెవేసి ఇంటికొచ్చేవారు కానీ, తల్లితో మాట్లాడే భాషలో తమ పేరు రాసుకోలేకపోయేవారు. ఒక బట్టల సావుకారు ఈ సంగతికి బాధపడి, తన దుకాణం మీది గది సాయంత్రాలకు వదిలాడు. బడి అంటే సర్కారు అనుమతి, పరవానగీ, కావాలి. అందుకని దాన్ని పిల్లల కూడిక అనేవాళ్లం. పంతుల్ని నేను. నాకప్పటికి మీసం సరిగ్గా రాలేదు, కోపం మాత్రం బాగా వచ్చేది.

పిల్లలు పదిహేను మంది దాకా ఉండేవారు. వాచకం ఒక్కటే, బెజవాడ నుంచి తెప్పించింది. ఒక్క పుస్తకంతో ఇంతమందికి చదువెలా చెప్పడం? మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కథ చెబుతుంటే మేం ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగేది. నేను దాన్ని కొంచెం మార్చాను. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, పుస్తకాన్ని ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పంపేవాణ్ని. పుస్తకం అందుకున్నవాళ్లు రెండు మూడు వాక్యాలు చదివి, వేలు అడ్డం పెట్టి మూసేయాలి. మిగతావాళ్లు ఊ కొట్టకూడదు, అడగాలి. వాడెందుకలా చేశాడు, తర్వాత ఏమవుతుంది, నువ్వైతే ఏం చేసేవాడివి, ఏదైనా సరే. ఎవరూ ఏమీ అడగకపోతే పుస్తకం తెరుచుకోదు.

మొదట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. పగటి బడిలో ప్రశ్న వేస్తే వీపు చిట్లుతుందని వాళ్లకు బాగా తెలుసు. మొదట నోరు విప్పింది పాలు పోసే ఇంటి పిల్ల. ఎనిమిదేళ్లుంటాయేమో. తండ్రి బర్రెల్ని చాంద్రాయణగుట్ట దిక్కు మేపుకొచ్చి, శాలిబండ ఇళ్లల్లో పాలు పోసేవాడు. పిల్లను తెచ్చి మెట్ల దగ్గర వదిలేవాడు, ఆ పిల్ల కూడా మెట్లకు దగ్గరగానే కూర్చునేది. ఒకరోజు ఎవరో నక్క బావిలో పడిందని చదివి పుస్తకం మూశారు. మెట్ల దగ్గర్నుంచి ఆ పిల్ల, "నక్క నీళ్లకు పోయిందా పంతులూ, ఎవలన్న తరిమిండ్రా?" అంది.

ఇక ఆగలేదు. జవాబు పుస్తకంలో ఉందని తెలిసింది కనుక పుస్తకం తన ఒళ్లోకి ఎప్పుడొస్తుందా అని చూసేది. అందరికంటే వెనక మొదలుపెట్టి అందరికంటే ముందు చదవడం నేర్చింది. ఆ పిల్ల ప్రశ్నలు వినాలని నేను సాయంత్రం కోసం ఎదురుచూసేవాణ్ని. పంతులుగా నా బతుకులో సుఖపడ్డ రోజులు అవే.

దసరా వెళ్లాక సావుకారు తన తోటి వ్యాపారులను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లల చదువు చూసి వాళ్లకు నచ్చితే ఇంకొన్ని పుస్తకాలు వస్తాయి, కూడిక నిలబడుతుంది. నచ్చకపోతే గది పోతుంది. ఇది నాకు ముందే చెప్పారు. పాఠం కూడా సావుకారే ఏరాడు, నీతి ఉన్నదని. పాలలో నీళ్లు కలిపినవాణ్ని రాజు శిక్షించిన కథ. చదివింది సావుకారు కొడుకు. "రాజు వానిని కొలువునకు పిలిపించెను" అన్నదాకా చదివి, రోజూలాగే వేలు పెట్టి మూశాడు.

"రాజు వాన్నొక్కన్నే ఎందుకు పిలిచిండు?" అంది పాలవాళ్ల పిల్ల.

"నీళ్లు కలిపిండు గద" అన్నాడు సావుకారు కొడుకు.

"మా బాపు చిక్కటి పాలు తెస్తె, ఇంత అగ్గువకు పొయ్యాలెనని ఇంటింట్ల లొల్లి చేస్తరు. గా లొల్లి చేసెటోళ్లను గూడ రాజు పిలుస్తడా, పంతులూ?"

ఆ పిల్ల ఎవరినీ దెప్పడానికి అనలేదు. కథలోని రాజు సంగతి తెలుసుకోవాలని అడిగింది. కానీ ఆమె తండ్రి పాలు పోసే ఇళ్లలో సావుకారు ఇల్లొకటి. నీళ్లు కలపక గిట్టనంత తక్కువ ధరకు పొద్దున్నే ఆ ఇంటి గడపలో అయ్యే బేరం వాడకట్టుకంతా వినిపిస్తుంది. వచ్చిన వ్యాపారుల్లో ఒకాయన దగ్గాడు. నాకు మాత్రం పట్టరాని సంతోషం. "పిలవాలా వద్దా, మీరే చెప్పండి" అని పిల్లలకేసి తిరిగాను.

సావుకారు మెల్లగా అన్నాడు. "పంతులూ, రాజు పిలుస్తడో లేదో మీకు తెల్వదా?"

"తెలుసండి. పిల్లలు ఆలోచించాలని..."

"తెలిస్తే చెప్పాలె. పోరగాండ్లను అడుగుడేంది?"

పక్కనున్నాయన నవ్వాడు. "పంతులు గూడ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నడు కావచ్చు."

అందరూ నవ్వారు, ఊపిరి పీల్చుకున్నారు. పాల బేరం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేకుండా పోయింది, నాకు పాఠం రాదని తేలింది కదా.

నా స్థానంలో యాకుత్‌పురా నుంచి కొత్త పంతులు వచ్చాడు. ఆయన ఒక వాక్యం చెబితే పిల్లలంతా దాన్నే అరిచేవారు. ఆ అరుపు వీధిలోకి వినబడుతుంటే, ఇప్పుడు చదువు మంచిగ నడుస్తున్నదని తల్లిదండ్రులు మురిసిపోయారు.

పిల్ల తండ్రి ఒకనాటి సందెవేళ మా గుమ్మంలో నిలబడ్డాడు. "సావుకారోళ్లు పాలు బంద్ చేసిండ్రు, అయ్యా. పోరికి నోరు మూసుకొమ్మని చెప్పిన. కొన్ని దినాలైతే మల్ల పిలుస్తరు. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నన్నే ఓదార్చి వెళ్లాడు.

మరుసటి ఏడు ఆ తండ్రీకూతుళ్లు ఒక పొద్దున గల్లీలో కనిపించారు. తండ్రి సావుకారు గడపలో పాలు పోస్తున్నాడు. మళ్లీ పిలిచారన్నమాట. పిల్ల చెంబు పట్టుకుని ఇవతల నిలబడింది. చదువు సాగుతోందా అంటే తల ఊపింది.

"ఆనాటి కథ సగంలో ఆగిపోయింది కదా" అన్నాను. అక్కడికక్కడే మిగతాది కల్పించాను. "రాజు ఆ మర్నాడు ఇంకొకణ్ని కూడా పిలిపించాడు."

అని ఆగి, రెండు అరచేతులూ పుస్తకం మూసినట్టు మూశాను. ఎవరిని అని అడుగుతుందని ఎదురుచూశాను.

ఆ పిల్ల గడప దగ్గరున్న తండ్రి వైపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసి, మెల్లగా, "ఊ" అంది.